అడిగి ఎక్కండి

హైదరాబాదులో దారి తప్పడం దాదాపు కుదరని చోటు ఒకటుంది. అది మెట్రో. మూడు లైన్లు, 57 స్టేషన్లు. లైను మారాలంటే అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్, అంతే. నాలుగు రోజులు తిరిగితే ఎవరికైనా నోటికొచ్చేస్తుంది. అలాంటి మెట్రోలో ఎటు చూసినా మ్యాపులే. స్టేషన్‌లో మ్యాపు, రైల్లో మ్యాపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ముచ్చటగా. మంచిదే, ఉండాలి కూడా. ఇప్పుడు మెట్లు దిగి కింద బస్‌స్టాపులోకి రండి. పైన ఏదో నగల దుకాణం ప్రకటన, కింద ఒక ఇనప బెంచీ, ఎదురుగా దుమ్ము. 5కె పోతుంది, 49ఎం పోతుంది, 10హెచ్ వస్తుంది. ఇవి ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ దారిన పోతాయో చూపించే బొమ్మ ఆ స్టాపులో ఉండదు.

మెట్రో ఎక్కేవాళ్ళకంటే సిటీ బస్సెక్కేవాళ్ళు కొన్ని రెట్లు ఎక్కువ. అంటే దారి చెప్పాల్సిన అవసరం పెద్దగా లేని చోట నాలుగుసార్లు చెప్పి, నిజంగా అవసరమున్న చోట “అడిగి ఎక్కండి” అని ఊరుకున్నాం. దీన్ని ఎవరూ విడ్డూరంగా కూడా అనుకోరు. బస్సంటే అంతే కదా అనుకుంటారు.

నాకు మాత్రం ఇది అంతే అనిపించదు. డబ్బు లేక ఆగిపోయిన పని కాదిది. ఒక మెట్రో పిల్లరుకి పోసిన కాంక్రీటు ఖర్చుతో ఊళ్ళోని స్టాపులన్నిటికీ ఎన్ని మ్యాపులు అచ్చేయొచ్చో లెక్కేసుకోండి. టెక్నాలజీ లేకా కాదు, ఆ సంగతి కింద చెప్తాను. మ్యాపు అచ్చేసి గోడకి అతికించడమంటే ఒక మాట ఇవ్వడం. “ఇదిగో, ఈ బస్సు ఈ దారిలో ఇన్నేసి నిమిషాలకి వస్తుంది” అని నలుగురిలో చెప్పి, దానికి కట్టుబడటం. బస్సెక్కే మనిషికి అలాంటి మాట ఇవ్వడానికి ఈ నగరం సిద్ధంగా లేదు. మ్యాపు లేకపోవడానికి నాకు కనపడే కారణం ఇదొక్కటే.

*

ముందు ఆ నంబర్ల సంగతి చూద్దాం. 127కె కోఠి నుంచి కొండాపూర్ వెళ్తుంది. ఓహో, కె అంటే కొండాపూర్ అనుకుంటారు మీరు. మరి 5కె? అది సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నం. అందులో కొండాపూరూ లేదు, కోఠీ లేదు. 49ఎం కూడా సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నమే. ఇక్కడ ఎం సరిపోయింది. కానీ 5కె ట్యాంక్‌బండ్ మీదుగా, 49ఎం బేగంపేట మీదుగా వెళ్తాయి. మొదలూ చివరా ఒకటే అయినా మధ్యలో ఊరు వేరు. బేగంపేటలో దిగాల్సిన మనిషి “మెహదీపట్నం” అన్న బోర్డు చూసి 5కె ఎక్కితే అంతే సంగతులు. ఇక 218, 219 అన్నదమ్ముల్లా పటాన్‌చెరు నుంచి చాలా దూరం కలిసే వచ్చి, ఒకటి కోఠికి, ఒకటి సికింద్రాబాదుకి విడిపోతాయి. ఎక్కడ విడిపోతాయో తెలిసినవాళ్ళకి తెలుసు.

ప్రతి నంబరు వెనకా ఒక కారణం ఉండే ఉంటుంది. అది ఏ పాత డిపో ఉద్యోగికో తెలిసే ఉంటుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే ఇది డాక్యుమెంటేషన్ లేని కోడు. రాసినాయన రిటైరయిపోయాడు. నడుస్తోంది కాబట్టి ఎవరూ ముట్టుకోరు. కొత్తగా చేరినవాడు పక్క సీటువాణ్ణి అడిగి తెలుసుకోవాలి. ఆఫీసులో ఇలాంటి కోడు కనపడితే మేం గంటలు గంటలు మీటింగులు పెట్టుకుని తిట్టుకుంటాం. లక్షల మంది రోజూ వాడే వ్యవస్థ ఇదే తీరులో ఉంటే మాత్రం “మన హైదరాబాదీ మజా” అని మురిసిపోతాం.

ఆ మురిపెం గురించి కూడా ఒక మాట అనాలి, ఇది సాహిత్య పత్రిక కాబట్టి. తెలుగు కథలో, కవితలో సిటీ బస్సుకి కొదవ లేదు. ఫుట్‌బోర్డు, కండక్టర్ విజిలు, కిటికీ అవతల వాన, ఎదుటి సీట్లో అమ్మాయి. అయితే ఆ రాసినవాళ్ళందరూ అప్పటికే బస్సెక్కేశారు! మన సాహిత్యం బస్సుని ఎక్కువగా కిటికీ సీటులోంచి చూసింది. స్టాపులో నిలబడి, వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ పరిగెత్తి “అన్నా, కోఠి పోతదా?” అని అడిగి, “పోదమ్మా, లక్డీకాపూల్‌ల దిగి మారు” అనిపించుకుని, ఆ లక్డీకాపూల్ ఎక్కడుందో తెలియక మళ్ళీ ఇంకొకర్ని అడిగే మనిషి వైపు నుంచి చూసింది తక్కువ. మనం దాన్ని జనజీవన సౌందర్యం అనుకుంటున్నాం. ఆమెకి అది రోజూ ఉండే పరీక్ష.

*

మ్యాపు ఎందుకు అక్కర్లేదో చెప్పే వాదనలు మూడు విన్నాను. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది: మనవాళ్ళు మ్యాపు చదవరు, అడిగి వెళ్తారు, అది మన సంస్కృతి.

అడగడం మంచిదే. అయితే అందరూ ఒకేలా అడగలేరు. రాత్రి తొమ్మిదిన్నరకి స్టాపులో ఒక్కతే నిలబడ్డ ఆడమనిషి ఎవర్ని అడగాలి? అడిగితే, ఈ ఊరికి తను కొత్తని ఆ అడిగినవాడికి చెప్పేసినట్టే కదా. ఒడిశా నుంచి తాపీపనికి వచ్చినాయనకి తెలుగు రాదు, ఉర్దూ అంతంత మాత్రం. చెవులు వినపడనివాళ్ళ సంగతి? నత్తి ఉన్నవాళ్ళ సంగతి? బస్సు ఆగే పది సెకన్లలో అడగాలి, జవాబు వినాలి, అర్థం చేసుకోవాలి, ఎక్కాలి. అడగడానికీ నోరు, భాష, ధైర్యం కావాలి. అవి అందరికీ సమానంగా లేవు. గోడ మీది మ్యాపు ముందు నిలబడటానికి ఇవేవీ అక్కర్లేదు.

పైగా చెప్పేవాళ్ళు తాము రోజూ ఎక్కే బస్సే చెప్తారు. అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకి తెలిసిన ఊరు అంతే. దాంతో ఎవర్ని అడిగినా “మెహదీపట్నం పోయి మారండి, కోఠి పోయి మారండి” అనే వినపడుతుంది. మధ్యలో ఇంకో దగ్గరి దారి ఉన్నా అది ఎవరి నోటా రాదు.

మనవాళ్ళు చదవరన్న మాటకి జవాబు అత్తాపూర్‌లోనే ఉంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు పీవీ ఎక్స్‌ప్రెస్ వే 2009లో వచ్చింది. దాని పిల్లర్లకి నంబర్లు వేశారు. ఎవరూ క్లాసులు పెట్టలేదు, యాప్ తయారు చెయ్యలేదు. ఇవాళ ఆ దారి పొడుగునా షాపు బోర్డుల మీద, పెళ్ళి కార్డుల మీద, కూరగాయలాయన ఫోన్లో “ఫలానా నంబరు పిల్లర్ దగ్గర” అనే చిరునామా. చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ అందరూ వాడుతున్నారు. నమ్మదగ్గ గుర్తు కళ్ళముందు పెడితే జనం దాన్ని వాడుకుంటారు. పెట్టకుండానే “వాళ్ళకి చేతకాదు” అనడం ఎంత తేలిక!

మరీ చదువు రానివాళ్ళ సంగతి అంటారా? దానికీ పాత జవాబొకటి ఉంది, కాకపోతే చాలా దూరంలో. మెక్సికో సిటీ మెట్రో 1969లో మొదలైంది. ఆ ఊళ్ళో అప్పటికి చదవలేనివాళ్ళు చాలామంది. లాన్స్ వైమన్ అనే డిజైనరు బృందం ఒక్కో స్టేషనుకి ఒక్కో బొమ్మ గీసింది. చపుల్తెపెక్ అన్న పేరుకి అక్కడి పాత నహువాట్ల్ భాషలో మిడత కొండ అని అర్థం, కాబట్టి ఆ స్టేషనుకి మిడత బొమ్మ. పేరు చదవలేకపోయినా “మిడత దగ్గర దిగు” అంటే చాలు. ఆ బొమ్మలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. మన దగ్గర సికింద్రాబాదులో సంగీత్ థియేటర్ కూల్చేసి ఏళ్ళయింది. స్టాపు పేరు మాత్రం సంగీతే. లిబర్టీ టాకీసు లేదు, లిబర్టీ చౌరస్తా ఉంది. ఈ పేర్లన్నీ జనం గుర్తుపెట్టుకున్న మ్యాపులో ఉన్నవే. సంగీత్‌కి ఒక సినిమా రీలు బొమ్మ గీయడానికి మనకేం అడ్డమొచ్చింది?

*

రెండో వాదన మా వాళ్ళది. అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. ఫోనుంది కదా, యాప్ ఉంది కదా, ఈ కాలంలో కాగితం మ్యాపేంటి బ్రో?

యాప్‌లు రాసి బతికేవాణ్ణి కాబట్టి దీన్ని కాస్త ఓపిగ్గా విప్పి చెప్తాను. యాప్ మీరు అడిగిన ప్రశ్నకి జవాబిస్తుంది. ఇక్కణ్ణుంచి అక్కడికి ఎలా వెళ్ళాలి అంటే ఫలానా బస్సు అంటుంది. మ్యాపు మీరు అడగని ప్రశ్నలకి కూడా జవాబిస్తుంది. ఇళ్ళల్లో పనిచేసే ఒకామెకి ఉన్న పని పోయిందనుకోండి. ఆమె ప్రశ్న “బంజారాహిల్స్‌కి ఎలా వెళ్ళాలి” అని కాదు. “మా బస్తీ నుంచి ఒక్క బస్సులో ఎక్కడెక్కడికి పోగలను, ఎక్కడెక్కడ పని వెతుక్కోగలను” అని. గమ్యం పెట్టెలో టైపు చెయ్యడానికి ఆమె దగ్గర ఇంకా గమ్యమే లేదు. ఒక చూపులో ఊరంతా పరిచి చూపించే పని కాగితం చేసినంత బాగా ఆరంగుళాల తెర చెయ్యలేదు.

ఆర్టీసీ 2023లో “గమ్యం” అని ఒక యాప్ తెచ్చింది. బస్సు ఇప్పుడు ఎక్కడుందో చెప్తుంది. పనికొచ్చేదే, నేనేం కాదనను. కానీ “నా బస్సు ఎక్కడుంది” అన్నది ఏ బస్సు ఎక్కాలో ముందే తెలిసినవాళ్ళ ప్రశ్న. ఇంకో సంగతి, దారి చెప్పే యాప్‌లలో చాలావాటిలో బస్సు పక్కనే క్యాబు రేటు కూడా కనపడుతుంది. గోడ మీది మ్యాపు మిమ్మల్ని బస్సు దింపి ఆటో ఎక్కించదు.

ఇక టెక్నాలజీ గొప్ప గురించి. ప్రపంచమంతా బస్సుల వివరాలు పంచుకోవడానికి జీటీఎఫ్ఎస్ అనే పద్ధతి వాడుతోంది. 2005లో అమెరికాలోని పోర్ట్‌లండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి దీన్ని మొదలుపెట్టాయి. లోపల ఏముంటుందనుకుంటున్నారు? కొన్ని మామూలు టెక్స్ట్ ఫైళ్ళు. ఒకదాంట్లో స్టాపులు, ఒకదాంట్లో రూట్లు, ఒకదాంట్లో ఏ బస్సు ఏ స్టాపుకి ఎప్పుడొస్తుందో. మధ్యలో కామాలు. ఎక్సెల్లో తెరిచి చూసుకోవచ్చు. ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఈ ఫైళ్ళు సరిగ్గా ఉంటే దాన్నుంచి యాప్ చేసుకోవచ్చు, కాగితం మీద మ్యాపూ వేసుకోవచ్చు. ఢిల్లీ 2018లో తన బస్సుల సమాచారాన్ని ఐఐఐటీ ఢిల్లీతో కలిసి అందరికీ తెరిచి పెట్టింది. యాప్ కావాలా మ్యాపు కావాలా అన్న గొడవే అనవసరం. ఒకే విత్తనానికి రెండు కొమ్మలు.

అయినా యాప్‌నే ఎందుకు ముద్దు చేస్తారు? ఎందుకంటే యాప్ ఎవరికీ మాట ఇవ్వదు. ఇవాళ చూపించిన బస్సు రేపు చూపించకపోతే అడిగేవాళ్ళు లేరు, నిన్న ఉండేదని చూపించడానికి ఆధారం లేదు. 2019 అక్టోబర్‌లో ఆర్టీసీ సమ్మె మొదలై యాభై రోజులు దాటింది. ఆ తర్వాత నగరంలో వందల బస్సులు తగ్గించారు. ఏ రూట్లో ఎన్ని తగ్గాయి? స్టాపులో అరగంట నిలబడ్డవాళ్ళకి నిలబడ్డాక తెలిసింది. గోడ మీద మ్యాపు ఉండి ఉంటే ఎవరో ఒకరు నిచ్చెనేసుకుని వచ్చి ఆ గీతని చెరపాల్సి వచ్చేది. చెరిపిన గీత పదిమందికీ కనపడుతుంది, కార్పొరేటర్‌ని నిలదీయడానికి పనికొస్తుంది. అసలు గీయనే గీయకపోతే చెరిపే పనే లేదు.

*

మూడో వాదన: ఇన్ని రూట్లు, ఇన్ని మార్పులు, ఇంత గజిబిజి. మన ఊరిని మ్యాపులో పెట్టడం అయ్యే పని కాదు.

మనకంటే గజిబిజి ఊరు చూద్దాం. కెన్యా రాజధాని నైరోబీలో జనాన్ని మోసేది మటాటులు. రంగురంగుల బొమ్మలేసుకుని, పాటలు మోగించుకుంటూ తిరిగే ప్రైవేటు వ్యాన్లు, మినీ బస్సులు. మన సెవెన్ సీటర్ ఆటోలకి పెద్దన్నలనుకోండి. ఎవరి బండి వాళ్ళది, టైంటేబుల్ అన్నదే లేదు. నైరోబీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఫోన్లు పట్టుకుని ఆ బండ్లెక్కి తిరిగారు. ఎక్కడ ఆగితే అక్కడ నమోదు చేశారు. అమెరికాలోని ఎంఐటీ, కొలంబియా విశ్వవిద్యాలయాల వాళ్ళు తోడయ్యారు. “డిజిటల్ మటాటుస్” అనే ఆ పని నుంచి 2014లో మ్యాపు వచ్చింది. 130కి పైగా రూట్లు, మెట్రో మ్యాపులా రంగురంగుల గీతల్లో. నగర ప్రభుత్వం దాన్నే తమ అధికారిక మ్యాపుగా తీసుకుంది.

ఆ మ్యాపు చూశాక ఒక సంగతి అందరికీ ఒక్కసారిగా కనపడింది. గీతలన్నీ ఊరి నడిమధ్యకే వెళ్తున్నాయి. పక్కపక్క పేటలకి వెళ్ళాలన్నా మధ్యకి పోయి మారాల్సిందే. ఏళ్ళ తరబడి ఆ బండ్లు తోలినవాళ్ళకి తమ దారి తెలుసు, మొత్తం అల్లిక ఎలా ఉందో తెలీదు. బొమ్మ ముందుకొచ్చాక కొత్త దారుల గురించి మాటలు మొదలయ్యాయి. మ్యాపు రాగానే నైరోబీ ట్రాఫిక్ మాయమైపోలేదు, మటాటుల్లో తొక్కిసలాట తగ్గిపోలేదు. కానీ వాదించుకోవడానికి అందరి ముందూ ఒక కాగితం ఉంది. వందలమంది ప్రైవేటు ఓనర్లున్న ఊరికి సాధ్యమైనది, బస్సులన్నీ ఒకే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్న మనకి అసాధ్యమట!

రూట్లు తరచూ మారిపోతాయి కాబట్టి మ్యాపు కుదరదనేవాళ్ళని ఒకటే అడుగుతాను. జనానికి చెప్పలేనంత తరచుగా ఎందుకు మారుతున్నాయి? అది మ్యాపుకి అడ్డమా, మ్యాపు ఎందుకు కావాలో చెప్పే కారణమా?

*

సరే, ఎలాంటి మ్యాపు కావాలి? లండన్ ట్యూబు మ్యాపుని దించేస్తే చాలదు. 1933లో అచ్చయిన ఆ మ్యాపుని గీసిన హ్యారీ బెక్ ఇంజనీరింగ్ డ్రాఫ్ట్స్‌మన్. కరెంటు సర్క్యూటు గీసినట్టు గీశాడు. భూమి లోపల వెళ్ళే రైలుకి అది అద్భుతంగా సరిపోయింది. న్యూయార్కులో 1972లో మాసిమో విన్యెల్లి అదే దారిలో ఇంకో అందమైన మ్యాపు చేస్తే, పైన ఉన్న ఊరికీ దానికీ పొంతన లేదని జనం గొడవ చేశారు, 1979లో మార్చేశారు. బస్సు నుంచి దిగే మనిషి రోడ్డు మీదే దిగుతుంది. ఆమెకి గుడి, మసీదు, ఆసుపత్రి, ఫ్లైఓవర్, పిల్లర్ నంబరు కనపడాలి.

కాబట్టి నా కోరికలు చిన్నవి. ప్రతి స్టాపులో ఆ స్టాపు నుంచి ఎక్కడెక్కడికి పోవచ్చో చూపించే బొమ్మ. పది పదిహేను నిమిషాలకొకటి వచ్చే బస్సులకి లావు గీత, రోజుకి నాలుగుసార్లు వచ్చేవాటికి సన్న గీత. రెంటినీ ఒకేలా చూపిస్తే అబద్ధం చెప్పినట్టే. పేర్లు తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషులో. జనం పిలిచే పేర్లు, సంగీత్ అంటే సంగీతే. కింద ఒక మూల తేదీ, ఈ మ్యాపు ఎప్పటిదో తెలిసేలా. వెనకున్న ఫైళ్ళు ఎవరైనా తీసుకునేలా.

మెహదీపట్నం నుంచి బయల్దేరే బస్సులతో ఇలాంటిదొకటి నేనే మూడు ఆదివారాలు కూర్చుని పెద్ద కాగితం మీద గీశాను. టీ కొట్టు దగ్గర ఒక కండక్టర్‌కి చూపిస్తే ఆయన నా చేతిలో పెన్ను తీసుకుని, “ఇక్కడ ఆగదు సార్, ముందటికి పోయి ఆగుతది” అంటూ రెండు చోట్ల కొట్టేసి, నాకు తెలియని ఒక స్టాపు పేరు రాశాడు. తర్వాత ఇంకో కండక్టర్ని పిలిచాడు. ఇద్దరూ ఆ కాగితం మీద వాదించుకుంటుంటే చుట్టూ నలుగురు చేరారు. “మ్యాపు చదవని జనం” వాళ్ళే.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ వచ్చింది. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది, అది ఇంకోసారి. ఇక్కడ చెప్పాల్సింది, జీరో టికెట్టు చేతిలో ఉన్న ఆమెకి ఊరంతా తిరిగే హక్కు వచ్చింది. ఊరు ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చూపించలేదు. ఆమె నిన్న ఎక్కిన బస్సే ఇవాళా ఎక్కుతుంది, ఆమెకి తెలిసింది అదొక్కటే కాబట్టి. ఛార్జీ మాఫీ చేశారు, తెలియకపోవడానికి కట్టే ఛార్జీ అలాగే ఉంది. ఎదురుచూపుల్లో, తప్పు బస్సులో, చివరికి ఎక్కిన షేర్ ఆటోలో ఆమె దాన్ని ఇంకా కడుతూనే ఉంది.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో సగం మందికి సిటీ బస్సుతో పని తీరిపోయి ఉంటుంది. కాలేజీ పాసు రోజులు గుర్తొచ్చి నవ్వుకునే ఉంటారు. మ్యాపు అడగాల్సింది మనమే. కొత్త మెట్రో లైను మా కాలనీకి ఎప్పుడని అడిగే నోరుంది కదా, అదే నోటితో ఇదీ అడగొచ్చు. వార్డు ఆఫీసులో, డిపో మేనేజర్ దగ్గర, ఓట్లకోసం వచ్చినవాళ్ళ దగ్గర. ఊరంతా ఒకేసారి అక్కర్లేదు. ముందు పది స్టాపుల్లో అతికించమనండి. తప్పులుంటే పక్కన ఒక పెన్ను కట్టి వదిలేస్తే చాలు, ఎక్కడ ఆగుతుందో ఎక్కడ ఆగదో జనమే దిద్దుతారు.